పాఠం కాని మాట

మద్రాసు రాజధాని కాలం నుంచి మా కార్యాలయాలకు సంక్రమించిన ఆచారం ఒకటి ఉన్నది. ఒక ఫైలుపై చర్య ముగిసిన తరువాత, దానిని రికార్డు గదికి పంపే ముందు, అట్ట మీద రెండు మూడు అక్షరాలు వ్రాస్తారు. ఆర్.డిస్. అని ఉంటే ఆ ఫైలును శాశ్వతంగా భద్రపరచాలి. డి.డిస్. అని ఉంటే పది సంవత్సరాలు ఉంచితే చాలు. అర్జీ పెట్టుకున్న రైతుకు ఆ అక్షరాలతో పని లేదు. ఉత్తర్వు అందుకున్న తహసీల్దారుకూ పని లేదు. అవి ఆ ఫైలును చేతబట్టే రికార్డు కీపరును ఉద్దేశించి వ్రాసినవి. అయినా నూరేళ్ల తరువాత ఆ ఫైలు చరిత్రకారుని కంట పడుతుందా, చెదలకు ఆహారమవుతుందా అన్న సంగతిని చాలావరకు నిర్ణయించేవి అవే.

చరిత్రలో ఎం.ఏ. చదివి ప్రభుత్వోద్యోగంలో చేరిన నేను ఇటువంటి అక్షరాలను వేలసార్లు వ్రాసి ఉంటాను. వాటి గురించి ఆగి ఆలోచించింది మాత్రం నలభై దాటిన తరువాత, ఒక కంప్యూటరు ముందు కూర్చుని, నా చేతులతో నేనే చేసిన ఒక పొరపాటును వెదుక్కుంటున్నప్పుడు.

కొన్నేళ్ల క్రితం ఒక జిల్లాకు చెందిన పాత కైఫీయతులను, గ్రామ లెక్కల నకళ్లను పరిష్కరించి ముద్రించే పని నా పర్యవేక్షణలోకి వచ్చింది. కైఫీయతు అంటే ఏమిటో తెలుగు పాఠకులకు వివరంగా చెప్పనవసరం లేదు. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) దక్షిణ దేశమంతటా స్థానిక చరిత్రలను సేకరింపజేసినప్పుడు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి సహచరులు ఊరూరా తిరిగి కరణాల కవిలెలను చూసి వ్రాసుకొచ్చిన వృత్తాంతాలవి. గ్రామం పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, దేవాలయానికి మాన్యం ఎవరిచ్చారు, నాలుగు దిక్కుల హద్దులేమిటి అన్న సంగతులు వాటిలో ఉంటాయి. కాగితాలు శిథిలమవుతూ ఉంటే నకళ్లు వ్రాయించారు. ఆ నకళ్లకు మళ్లీ నకళ్లు పుట్టాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) వంటివారు లేఖకులకు జీతాలిచ్చి పాత ప్రతులను వ్రాయించిన సంగతి ప్రసిద్ధమే.

ఈ నకళ్ల పరంపరలో చరిత్ర విద్యార్థిని బాధించే లోపం ఒకటున్నది. నకలు వ్రాసినవాడు ఏ అక్షరం దగ్గర సందేహించాడో, ఎక్కడ చిరుగు చూసి ఊహించి పూరించాడో మనకు తెలియదు. అతని చేతిలోంచి వచ్చిన పాఠం నిస్సంశయంగా కనిపిస్తుంది. సందేహం అతనితోనే పోయింది. మేము చేయబోయే ప్రతిలో అటువంటి లోపం ఉండరాదని నేను మొదటి సమావేశంలోనే కొంత గర్వంగా ప్రకటించాను. ఆ గర్వాన్ని పాఠకులు కాస్త గుర్తుంచుకోవలసిందిగా మనవి.

పాఠపరిశీలనకు పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితులు అంగీకరించారు. వయస్సు డెబ్బై దాటింది. వారానికి రెండు రోజులు బస్సులో వచ్చి, భూతద్దం పట్టుకుని, మూలప్రతి పక్కన కంపోజు చేసిన ప్రతిని పెట్టుకుని చదివేవారు. సందేహం వచ్చిన చోట చిన్న కాగితపు చీటీ మీద పెన్సిలుతో వ్రాసి అంటించేవారు. ‘ఇది వకారం వలె ఉన్నది గాని పకారం కావచ్చును.’ ‘అంకె ౨ యో ౩ యో తేలలేదు.’ ‘ఇక్కడ ఒక పంక్తి పురుగు తిన్నది. ఊహించి పూరించవద్దు.’

పాఠాన్ని మేము ఎక్స్.ఎం.ఎల్. అనే పద్ధతిలో భద్రపరచాము. సామాన్యమైన టైపు ప్రతిలో ఏది ఊరి పేరో, ఏది మనిషి పేరో యంత్రానికి తెలియదు. ఈ పద్ధతిలో ప్రతి అంశానికి ముందూ వెనుకా ఒక గుర్తు పెడతాము. ఇది గ్రామనామం, ఇది భూమి కొలత, ఇది తేదీ అని ఆ గుర్తులు చెబుతాయి. దీనికి మూలమైన ఎస్.జి.ఎం.ఎల్. 1986లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. దానిని సులభం చేసి రూపొందించిన ఎక్స్.ఎం.ఎల్. 1998 ఫిబ్రవరి 10న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం సిఫారసుగా ప్రకటితమైంది. ప్రాచీన గ్రంథాలను, లేఖలను, శాసనాలను ఇలా గుర్తించే నియమాల కోసం 1987 నుంచీ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ పేరిట పండితులు కృషి చేస్తున్నారు. వారి మార్గదర్శకాలనే మేమూ అనుసరించాము.

ఈ ఎక్స్.ఎం.ఎల్.లో ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనే విశేషం ఒకటున్నది. తెలుగులో నిర్వహణ సూచన అందాము. కోణాకారపు కుండలీకరణం వెంట ఒక ప్రశ్నార్థకం పెట్టి దానిని ప్రారంభిస్తారు. మళ్లీ ప్రశ్నార్థకం, కోణం పెట్టి ముగిస్తారు. లోపల మొదటి మాట, ఆ సూచన ఎవరిని ఉద్దేశించినదో చెప్పే చిరునామా. మిగిలినది చెప్పదలచిన సంగతి. ఆ సంగతికి ఏ వ్యాకరణమూ లేదు, ఏమైనా వ్రాయవచ్చును. ముగింపు గుర్తు మాత్రం మధ్యలో రాకూడదు. ‘ఈ ప్రతిని ఫలానా అలంకరణతో చూపుము’ అని బ్రౌజరుకు చెప్పడానికి, ‘ఇక్కడ కొత్త పుట మొదలుపెట్టుము’ అని అచ్చు ప్రోగ్రాముకు చెప్పడానికి దీనిని వాడతారు. ఈ సూచనలు పాఠంలో భాగం కావనీ, అయినా పార్సర్ అనే చదువరి వాటిని తప్పక సంబంధిత ప్రోగ్రాముకు అందజేయాలనీ ఎక్స్.ఎం.ఎల్. నియమావళి చెబుతుంది. ఆర్.డిస్. అక్షరాలకు ఇంతకంటె దగ్గరి బంధువు నాకు మరొకటి కనబడలేదు.

పండితులవారి చీటీలను ఎక్కడ ఎక్కించాలన్న ప్రశ్న వచ్చింది. డేటా ఎంట్రీ చేసే అమ్మాయి చురుకైనది. వాటిని నిర్వహణ సూచనలుగా పెడితే అచ్చులో కనిపించవు, ప్రతిలో మాత్రం ఉంటాయి అని ఆమె సూచించింది. నాకు నచ్చింది. చీటీలోని మాటలను ఆమె అదే చోట సూచనగా ఎక్కించేది. బల్ల శుభ్రంగా ఉండాలన్న ఉద్దేశంతో, ఎక్కించిన చీటీలను చించివేయమని చెప్పినది నేనే.

నాకు కంప్యూటరు విద్యలో శాస్త్రీయ శిక్షణ ఏదీ లేదు. సాయంత్రాలు కూర్చుని పైథాన్ అనే భాష నేర్చుకున్నాను. గుడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు రూపొందించి 1991లో విడుదల చేసిన భాష అది. ఇంగ్లీషు వాక్యాలవలె చదువుకోవడానికి వీలుగా ఉంటుంది. చిన్నచిన్న పనులకు పది పదిహేను పంక్తుల స్క్రిప్టు వ్రాస్తే చాలు. ఒకే గ్రామం పేరు ఒక చోట ఒకలా, మరొక చోట మరొకలా గుర్తించబడి ఉన్నదని గమనించి, వాటన్నిటినీ ఒకే పద్ధతికి తెచ్చే స్క్రిప్టు ఒకటి వ్రాశాను. పైథాన్‌తో పాటే 2006 నుంచి వస్తున్న ఎలిమెంట్‌ట్రీ అనే ఉపకరణాన్ని అందుకు వాడాను. అది ప్రతిని చదివి, వృక్షంలా కొమ్మలు రెమ్మలుగా అమర్చి ఇస్తుంది. కావలసిన కొమ్మను సవరించి, మళ్లీ ప్రతిగా వ్రాయవచ్చును. మూడు వందల పైచిలుకు ప్రతుల మీద ఆ స్క్రిప్టును నడిపాను. నిమిషం కూడా పట్టలేదు. ఎక్కడా తప్పు చూపలేదు. ఆ రాత్రి చాలా తృప్తిగా నిద్రపోయాను.

మూడు వారాల తరువాత అచ్చు ప్రతి తయారై పండితులవారి ముందుకు వచ్చింది. ఆయన ఒక పుట దగ్గర చాలాసేపు ఆగి, నన్ను పిలిపించారు.

“బాబూ, ఈ తూర్పు హద్దు మీరేమైనా సరిచేశారా?”

“లేదు మాస్టారూ. హద్దుల జోలికి నేను వెళ్లలేదు.”

“అయితే పురుగు తిన్న పంక్తి ఎక్కడికి పోయింది?”

పుట చూశాను. ‘తూర్పు హద్దు వాగు మొదలు మర్రిచెట్టు వరకు పుంత’ అని నిక్షేపంగా ఉన్నది. చదివితే ఏ లోపమూ తోచదు. ఆయన వేలు ఇంకొంచెం కిందికి జరిపారు. పడమటి హద్దు ఉన్నది, ఉత్తరపు హద్దు ఉన్నది. దక్షిణం లేదు. మూలప్రతిలో ‘వాగు మొదలు’ అన్న మాటకూ ‘మర్రిచెట్టు’ అన్న మాటకూ మధ్య ఒక పంక్తి పురుగు తిన్నది. మర్రిచెట్టు, పుంత తూర్పున ఉండేవో, దక్షిణాన ఉండేవో ఎవరికీ తెలియదు. తెలియదని చెప్పే మాటే అక్కడ ఉండేది. ఆ మాట పోయి, రెండు ముక్కలూ అతుక్కుని, ఎన్నడూ ఎవరూ వ్రాయని వాక్యం ఒకటి తయారయింది.

నా గదికి వచ్చి ప్రతులను తెరిచి చూశాను. స్క్రిప్టు నడపక ముందు ఏడు వందలకు పైగా సూచనలు ఉండేవి. ఇప్పుడు ఒక్కటి లేదు.

కారణం తెలుసుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. తెలిసిన తరువాత చూస్తే, ఉపకరణంతో పాటు వచ్చే వివరణలోనే స్పష్టంగా వ్రాసి ఉన్నది. నేనే చదవలేదు. అడుగున ఉన్న పార్సర్ నియమం ప్రకారం ప్రతి సూచననూ పైకి అందజేస్తుంది. వృక్షాన్ని కట్టే భాగం మాత్రం, ప్రత్యేకంగా అడగనిదే, వాటిని స్వీకరించదు. పక్కన పెట్టి ముందుకు సాగుతుంది. సూచనకు ముందున్న అక్షరాలను, వెనుకనున్న అక్షరాలను కలిపి ఒకే పాఠంగా కూర్చుతుంది. తాను ఒకటి వదిలివేశానని ఎక్కడా చెప్పదు. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి, సూచనలను కూడా వృక్షంలో ఉంచమని కోరే వీలు కల్పించారు. అలా కోరినా ప్రధాన మూలకానికి వెలుపల, అంటే ప్రతికి తలభాగంలోనో తోకభాగంలోనో ఉన్న సూచనలు నిలవవు. పైథాన్‌లోనే ఉన్న మినిడామ్ అనే మరొక ఉపకరణం సూచనలను వెలుపలా లోపలా కూడా, చిరునామానూ విషయాన్నీ విడివిడిగా పట్టుకుని, భద్రంగా నిలుపుతుంది. లెక్కలు, జాబితాలు మోసుకుపోయే ప్రతులకు ఈ సూచనల అవసరం సాధారణంగా ఉండదు గనుక, ఎలిమెంట్‌ట్రీని రూపొందించినవారి నిర్ణయం అసమంజసమని నేననను. నా అవసరం ఏమిటో ఎరగని ఉపకరణం చేతికి, అడగకుండా, నా ప్రతులన్నీ అప్పగించినది నేను.

కార్యాలయంలో వారానికొకసారి ప్రతులను వేరే చోట దాచే ఏర్పాటు ఉన్నది కనుక, చాలా సూచనలు తిరిగి దొరికాయి. చివరి వారంలో ఎక్కించిన నలభై దాకా ఎక్కడా లేవు. చీటీలు ఎప్పుడో చెత్తబుట్టకు చేరాయి. మరునాడు పండితులవారికి జరిగినదంతా చెప్పి క్షమాపణ కోరాను. ఆయన కోపగించుకోలేదు. కళ్లజోడు తుడుచుకుని, మూలప్రతులు మళ్లీ తెప్పించమన్నారు. ఆ వేసవిలో పదిహేను రోజులు అదనంగా వచ్చి, ముప్పైకి పైగా సందేహాలను తిరిగి వ్రాశారు.

ఒకటి మాత్రం తిరిగి రాలేదు. ఒక దేవాలయ మాన్యం కొలత దగ్గర ఆయన మొదట సందేహం వ్రాశారు. ఆ కాగితపు అంచు ఈలోగా రాలిపోయింది. టైపు ప్రతిలో ౩ పుట్లు అని ఉన్నది. “సందేహించినట్టు గుర్తుంది బాబూ. దేనిని చూసి సందేహించానో గుర్తు లేదు” అన్నారు. ముద్రిత గ్రంథంలో ఆ అంకె పక్కన ‘సందిగ్ధం’ అని మాత్రమే వేయగలిగాము. నకలు వ్రాసిన పాత లేఖకులను నేను ఏ మాటతో తప్పుపట్టానో, సరిగా ఆ పనినే నేనూ చేశాను. వారికి పట్టిన కాలం సంవత్సరాలు, నాకు పట్టినది ఒక నిమిషం.

ఆ రోజుల్లో నాకు పదే పదే గుర్తుకు వచ్చినది బ్రహ్మగిరి శాసనం. కర్ణాటకలోని చిత్రదుర్గం జిల్లాలో, అశోకుని లఘు శిలాశాసనాలు బ్రహ్మగిరి, సిద్దాపురం, జటింగ రామేశ్వరం అనే మూడు చోట్ల దగ్గరదగ్గరగా ఉన్నాయి. 1892లో బి.ఎల్. రైస్ వాటిని లోకానికి వెల్లడించాడు. చక్రవర్తి సందేశం ప్రారంభం కావడానికి ముందు బ్రహ్మగిరి శాసనంలో ఒక చిన్న పీఠిక కనిపిస్తుంది. సువర్ణగిరి నుంచి రాకుమారుడు, మహామాత్రులు ఇసిలలోని మహామాత్రుల ఆరోగ్యాన్ని విచారించి, ఈ సంగతిని తెలియజేస్తున్నారని దాని సారాంశం. నేటి కార్యాలయ భాషలో చెప్పాలంటే అది కవరింగ్ లెటరు. ప్రజలు చదువవలసినది చక్రవర్తి మాట. రాకుమారుని మాట ఇసిలలోని అధికారులకు ఉద్దేశించినది. చెక్కేవాడు, లేదా అతనికి పత్రం అందించినవాడు, దానిని వేరుచేయలేదు. మొత్తం శిల మీదికి ఎక్కింది.

విద్యార్థి దశలో మా అధ్యాపకులు దీనిని చెప్పినప్పుడు మేము నవ్వుకున్నాము. జాగ్రత్త తెలిసిన గుమాస్తా అయితే ఆ పంక్తిని వదిలివేసి ఉండేవాడు. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి, రాజులమందగిరి లఘు శాసనాలలో ఆ పీఠిక లేదు. బ్రహ్మగిరిలోనూ, దాని పొరుగు శాసనాలలోనూ లేకపోయి ఉంటే, దక్షిణాపథంలో మౌర్య రాకుమారుడొకడు సువర్ణగిరిలో ఉండి పాలన నెరపేవాడని, ఉత్తర్వులు అక్కడి నుంచి ఇసిలకు వెళ్లేవని మనకు ఇంత సూటిగా తెలిసేది కాదు. ఆ సువర్ణగిరిని ఎర్రగుడి సమీపంలోని జొన్నగిరిగా కొందరు చరిత్రకారులు గుర్తిస్తారు. అంటే తెలుగు గడ్డ మీద ఒక మౌర్య రాజప్రతినిధి నివాసం గురించిన చర్చకు ఆధారం, పాఠంలో భాగం కాని ఆ ఒక్క వాక్యం. ఇరవై రెండు శతాబ్దాలకు పైగా అది నిలిచింది. వదిలివేయడం తెలియని ఆ చేతికి మనం ఋణపడి ఉన్నాము.

అయితే పండితులవారి సందేహాలను నిర్వహణ సూచనలుగా పెట్టడం సరైనదేనా? ఈ ప్రశ్నను మేమందరం కూర్చుని చర్చించాము. స్క్రిప్టు తప్పు ఒక ఎత్తు, మా మొదటి నిర్ణయం ఒక ఎత్తు. ‘ఇక్కడ పుట విడదీయుము’ అన్నది యంత్రానికి చెప్పే మాట. పోయినా పాఠానికి నష్టం లేదు. ‘ఇది పకారం కావచ్చును’ అన్నది పరిష్కర్త పాఠకునికి చెప్పే మాట. అచ్చు అందంగా ఉండాలన్న ఆలోచనతో ఆ మాటను పాఠకుని కంటికి కనబడని చోట దాచాము. దాచిన దానిని యంత్రం పారవేసింది. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ మార్గదర్శకాలలో అస్పష్టమైన అక్షరానికి, పోయిన భాగానికి, పరిష్కర్త వ్యాఖ్యకు వేర్వేరు మూలకాలు ఏర్పాటై ఉన్నాయి. వాటినే వాడి ఉంటే ఏ ఉపకరణమూ వాటిని అంత సులభంగా వదిలివేసేది కాదు. ఆ అమ్మాయి సూచన తెలివైనదే. దానిని పరీక్షించి కాదనవలసిన బాధ్యత నాది.

ఇప్పుడు మా పనిలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. సందేహాలన్నీ మూలకాలుగా పాఠంలోకి ఎక్కాయి. అచ్చులో చిన్న అక్షరాలతో పుట అడుగున కనిపిస్తాయి. అచ్చు యంత్రానికి, దస్తావేజుల నిర్వహణకు సంబంధించిన సూచనలు మాత్రమే నిర్వహణ సూచనలుగా మిగిలాయి. ఏ స్క్రిప్టు నడిపినా, నడపక ముందు ఎన్ని సూచనలు ఉన్నాయో, నడిపిన తరువాత ఎన్ని ఉన్నాయో లెక్కించే నాలుగు పంక్తులు మొదట వ్రాస్తాము. లెక్క కలవకపోతే కొత్త ప్రతిని పాత ప్రతి మీద వ్రాయనివ్వము. ఖజానాలో సాయంత్రం నిల్వ సరిచూసుకునే గుమాస్తాకు ఇందులో వింత ఏదీ కనిపించదు. చీటీలను కూడా చించడం మానివేశాము. అవి ఒక రేకు పెట్టెలో, గ్రామాల వరుసలో ఉన్నాయి.

గ్రంథం వెలువడిన రోజు ఒక ప్రతిని పండితులవారి ఇంటికి తీసుకువెళ్లాను. ఆయన ముందుమాట చదవలేదు, తన పేరు ఎక్కడ వేశామో చూడలేదు. నేరుగా ఆ గ్రామం దగ్గరికి వెళ్లి, తూర్పు హద్దు కింద చిన్న అక్షరాలతో వేసిన ‘ఇక్కడ ఒక పంక్తి పురుగు తిన్నది’ అన్న మాటను భూతద్దంతో చదువుకున్నారు. తరువాత మాన్యం కొలత ఉన్న పుట తిప్పి, ‘సందిగ్ధం’ అన్న మాట దగ్గర పెన్సిలుతో అంచున ఏదో వ్రాయబోయి ఆగారు.

“ఇది మీ ప్రతి కదా బాబూ, వ్రాయవచ్చునా?” అని అడిగారు.

“వ్రాయండి మాస్టారూ. ఈ ప్రతిని మా రికార్డు గదిలోనే ఉంచుతాను” అన్నాను.

ఆయన వ్రాసినది ఒకటే వాక్యం. ‘మూలం అంచు రాలకముందు నేను చూచినాను, ౨ అని నిశ్చయముగా చెప్పజాలను, ౩ అనియు చెప్పజాలను.’ దాని కింద తేదీ వేశారు. కార్యాలయానికి తిరిగి వచ్చి, ఆ ప్రతి అట్ట మీద ఆర్.డిస్. అని నా చేతితో వ్రాసి రికార్డు గదికి పంపాను.